మూడో సిలిండర్‌లో పసుపు

ఇంజిన్ నాలుగైదు చుట్లు తిరిగేసరికి మూడో రంధ్రం ఉమ్మింది.

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ ఊడదీసి, ఆ నాలుగు రంధ్రాల మీద తెల్లబట్ట పరిచి, దేవదానాన్ని తాళం తిప్పమన్నాను. ఒకటో రంధ్రం, రెండో రంధ్రం, నాలుగో రంధ్రం బట్టను గాలితో ఎగరేశాయి, అంతే. మూడోది తడిపింది. బట్ట మీద అరచేయంత మరక పడింది. మరక రంగు పసుపు.

"ఆపన్నా," అన్నాను. స్టార్టర్ మోత ఆగింది.

బండి యజమాని అనసూయమ్మ వంగి ఆ మరకను వేలితో తాకింది. వేలును ముక్కు దగ్గర పెట్టుకుంది. ముప్పై ఏళ్లుగా పూలు, పసుపు, కుంకుమల మధ్య మెలిగిన మనిషి, ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"ఇంట్ల పసుపే గదన్నా ఇది," అంది నాతో. "ఇంజిన్లకెట్ల వచ్చింది?"

ముందు సీటు ఎత్తేసి ఉంది కాబట్టి డ్రైవర్ దేవదానం తలుపు బయట నిలబడే తాళం తిప్పాడు. ఇప్పుడు తాళం మీది చెయ్యి తీసేసి, పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. పదకొండేళ్ల ఉద్యోగం అతనిది. అది ఉంటుందో పోతుందో ఆ శుక్రవారం పొద్దున తేలాలి. అతను నాలుగు రోజులుగా చెబుతున్నది అబద్ధం కాదని ఆ మరక చెప్పింది. అతను చెప్పకుండా దాచినది కూడా అదే మరక చెప్పింది.

ఇది నిరుడు మార్చి మాట. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో నా షెడ్డు. ఒక్కసారికి రెండు బండ్లు పడతాయి, మూడోది వస్తే సందులో నిలపాలి, అప్పుడు తోపుడు బండ్లవాళ్లతో లొల్లి. షెడ్డు పెట్టకముందు పద్నాలుగేళ్లు ఒక దినపత్రికలో పనిచేశాను. వార్తలు రాసే పని కాదు, అచ్చయిన కట్టలను మోసుకెళ్లే వ్యాన్లను బాగుచేసే పని. వ్యాను దారిలో ఆగి పేపరు ఆలస్యమైతే, ఎందుకు ఆగిందో మరునాడు కాగితం మీద రాసివ్వాలి. మొదటిసారి నేను రాసిచ్చింది చదివి, డెస్కులో ఒక పెద్దాయన నన్ను పిలిపించారు. "ఇందులో నువ్వు చూసిందేది, అనుకున్నదేది? రెండూ కలిపి రాస్తే ఎట్లా?" అన్నారు. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో ప్రతి పేజీకి నడుమ నిలువు గీత ఉంటుంది. ఎడమ పక్కన చూసింది, కుడి పక్కన అనుకున్నది. కుడి పక్కది ఎవరికీ రాసివ్వను.

అనసూయమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు కొని చార్మినార్ చుట్టుపక్కల గుళ్లకు, పెళ్లి మండపాలకు ఇస్తుంది. ఆమెకున్నది ఒకటే బండి. ఎనిమిది సీట్ల పాత పెట్రోల్ వ్యాను, వయసు పద్దెనిమిదేళ్లు. వెనక సీట్లన్నీ తీసేసి గంపలు పేర్చుకునేలా చేసుకున్నారు. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, ఏం చూడాలన్నా సీటు ఎత్తాలి. దేవదానానికి యాభై ఏడేళ్లు. మా సందుకు రెండు వీధుల అవతల ఉంటాడు. ఆదివారం కూడా పూలు దింపి, చొక్కా మార్చుకుని, అప్పుడు ప్రార్థనకు పోతాడు. అనసూయమ్మ అతనికంటే చిన్నది. అతన్ని అన్నా అని పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా.

ఆ సోమవారం పొద్దున పురానాపూల్ దాటుతుండగా ఇంజిన్ ఉడికిపోయి బండి ఆగింది. నెలలో అది రెండోసారి. ఒక పెళ్లి మండపానికి పోవాల్సిన చేమంతులు, గులాబీలు గంపల్లోనే వాడిపోయాయి. మండపంవాళ్లు వేరేవాళ్లను పిలిపించుకున్నారు. ఇంజిన్ చల్లారాక దేవదానం నీళ్లు పోసుకుని, దారిలో బండిని కడిగించుకుని, మెల్లగా నడిపించుకుంటూ మధ్యాహ్నానికి నా దగ్గరికి వచ్చాడు. వెనకే ఆటోలో అనసూయమ్మ దిగింది.

"అన్నా, నీకు ఒక్కటే పని," అంది ఆటో దిగుతూనే. "గీయన నీళ్లు పోసిండా, పోయలేదా. గదొక్కటి తేల్చు. తర్వాతనే రిపేరు."

"పోసిన అక్కా. దినాం పోస్తనే ఉన్న," అన్నాడు దేవదానం.

"దినాం పోస్తె ఇంజినెట్ల ఉడుకుతది? పోసిన నీళ్లు ఎటు పోయినయ్ మరి?"

"నాకేం ఎరుక? పొద్దున పోస్త. మల్ల పొద్దున జూస్తె ఉండయి."

"ఉండయంట! మా ఇంట్ల పాలు గూడ గిట్లనే ఉండయి, పిల్లి తాగుతది గనక. నీ బండ్ల ఏ పిల్లి ఉన్నది?"

"వేడి సూదన్న లేవాలె గద అక్కా. సూది సగం దాటలే, యేసయ్య సాక్షి."

"యేసయ్యను బండ్లకు తేకు. ఆయన నీళ్లు పోయడు."

నేను నవ్వు ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు. చెల్లెలి కొడుకు ఒకడు లైసెన్సు తీసుకుని ఇంట్లో ఖాళీగా ఉన్నాడట. శుక్రవారం దాకా చూస్తానంది. నీళ్లు పోయక బండిని పాడుచేశాడని తేలితే తాళం ఆ పిల్లవాడికి ఇస్తుంది.

"నువ్వు చూసింది కాయితం మీద రాసియ్యి," అంది నాతో. "ఇన్నేండ్ల మనిషిని ఊకనే ఎల్లగొట్టిందని రేపు నలుగురు నన్ను అనొద్దు."

రేడియేటర్‌లో తిరిగే ద్రవాన్ని కూలెంట్ అంటాం. నీళ్లలో ఆకుపచ్చటి మందు కలిపి పోస్తారు. అది ఇంజిన్ చుట్టూ తిరిగి వేడిని మోసుకొచ్చి రేడియేటర్‌లో దింపి మళ్లీ వెనక్కి పోతుంది. పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు, ఉన్నదే తిరగాలి. రోజూ పోయాల్సి వస్తోందంటే ఎక్కడో ఒకచోట బయటపడుతున్నట్టే. దారులు మూడు. గొట్టాల నుంచో రేడియేటర్ నుంచో నేల మీద కారడం ఒకటి. చలికాలంలో బండి లోపల వేడిగాలినిచ్చే చిన్న రేడియేటర్ నుంచి కాళ్ల దగ్గరి మ్యాట్ల మీదికి కారడం రెండోది. మూడోది ఇంజిన్ లోపలే జరుగుతుంది. హెడ్డు అని మేం పిలిచే ఇంజిన్ పై భాగంలోనో, దాని కింద అతుకును మూసే పలుచటి గ్యాస్కెట్‌లోనో సందు పడి, నీళ్లు సిలిండర్‌లోకి జారి, పెట్రోలుతో పాటు ఆవిరై సైలెన్సర్ గుండా పోతాయి. దీన్నే ఇంటర్నల్ లీక్ అంటాం. నేల మీద చుక్క కూడా పడదు కాబట్టి పోసినవాడు అబద్ధమాడుతున్నట్టే ఉంటుంది.

ఈ బండిలో ఆ మూడింటిలో ఏ దారో తేల్చే ఆనవాళ్లేవీ దొరకలేదు. నేల మీద కారిన జాడ వెతుకుదామంటే ఇంజిన్ తళతళలాడుతోంది. దేవదానానికి ఒక పద్ధతి ఉంది. బండిని మేస్త్రీ దగ్గరికి తెచ్చేముందు నీళ్ల సర్వీసింగ్ చేయించి, రేడియేటర్ నిండా నీళ్లు పోసి తెస్తాడు. "మురికి బండి నీ ముందట నిలబెట్టొద్దు ఉస్తాద్," అంటాడు. పాతబస్తీలో పాతకాలపు డ్రైవర్లు చాలామంది అంతే, అది వాళ్లు చూపే మర్యాద. ఆరిన మరక, తెల్లటి చార, ఆకుపచ్చ పొడి వంటి నాకు కావలసిన ఆనవాళ్లన్నీ ఆ మర్యాదలో కొట్టుకుపోతాయి. బండిలో మ్యాట్లు ఎత్తి చూద్దామంటే అవి ఎప్పుడూ తడిగానే ఉంటాయి, పూల గంపల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు కదా. వాసన పట్టుకుందామంటే మల్లెలు, మరువం తప్ప ఇంకేం రాదు. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అది మజ్జిగలాగా తెల్లబడాలి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మామూలుగానే ఉంది.

రేడియేటర్ మూత తీశాను. మూత కింద రబ్బరు వాషరు చుట్టూ పసుపు రంగు మడ్డి పేరుకుని ఉంది. గోటితో గీకితే జిగటగా అంటింది. నేను దేవదానం వైపు చూశాను. అతను సందు వైపు చూస్తున్నాడు. అనసూయమ్మ ఫోన్‌లో ఎవరితోనో చేమంతుల ధర మాట్లాడుతోంది. నోటుబుక్కు తీసి ఎడమ పక్కన రాసుకున్నాను: మూత కింద పసుపు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రేడియేటర్‌కు సన్నటి చిల్లు పడి దారి మధ్యలో నీళ్లు కారుతుంటే గుప్పెడు పసుపు వేయడం ఇక్కడ పాత చిట్కా. అది నీళ్లలో ఉబ్బి చిల్లు దగ్గర గడ్డకట్టి కాసేపు ఆపుతుంది. ఆపిన తర్వాత అక్కడితో ఆగదు, అదే గొట్టాల్లో తిరుగుతూ సన్నటి సందుల్లోనూ కూర్చుంటుంది.

ఆ సాయంత్రం ప్రెషర్ టెస్ట్ చేశాను. రేడియేటర్ మూతి మీద ఒక చేతిపంపు బిగించి, బండి నడిచేటప్పుడు ఉండేంత ఒత్తిడి ఎక్కిస్తాం. పంపు మీద గడియారం లాంటి మీటరు ఉంటుంది. ఎక్కడైనా లీకుంటే దాని ముల్లు దిగుతుంది. గంటసేపు చూశాను, ముల్లు కదలలేదు.

మంగళవారం అనసూయమ్మ వచ్చింది.

"ముల్లు దిగలేదంటె లీకు లేనట్టే గద?"

"బయటికి లేదక్కా."

"లోపటికి?"

"ఇంకా తెల్వది."

"అంటే ఆయన పోయలేదన్నట్టే."

"అట్ల కాదు. తెల్వదంటె తెల్వదనే."

"నీకు తెల్వకపోతె ఇంకెవరికి తెలుస్తది, ఆ ముల్లుకా?" అని లేచింది. "శుక్రవారం అన్నా. మాట మాటే."

ఒక్క విషయంలో మాత్రం దేవదానం పక్షాన ఆమెకు చెప్పగలిగాను. వేడి చూపే సూదికి కబురందించే సెన్సర్ నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్లు బాగా తగ్గిపోతే అది గాలిలో తేలి, ఇంజిన్ ఉడుకుతున్నా సూదిని పైకి లేపదు. కాబట్టి సూది లేవలేదన్న అతని మాట నిజమే కావచ్చు. ఆమె విని, "నీళ్లు తగ్గినయనే గద నువ్వు గూడ చెప్తున్నవ్," అని వెళ్లిపోయింది.

నేరుగా హెడ్డు ఊడదీస్తే సరిపోదా అని అడగొచ్చు. పద్దెనిమిదేళ్ల ఇంజిన్‌లో బోల్టు విరిగితే కొత్త తంటా. పైగా ఊడదీసేటప్పుడు గ్యాస్కెట్ ఎలాగూ చిరుగుతుంది. అది ముందే చిరిగిందా, నేను తీసేటప్పుడు చిరిగిందా అని ఆమె అడిగితే ఏం చెప్పను? ఇంజిన్ మూసి ఉండగానే పట్టుకోవాలనుకున్నాను.

బుధవారం ప్లగ్గులు తీశాను. మూడు ప్లగ్గుల మొనలు గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం తోమినట్టు తెల్లగా ఉంది. నీళ్లు జారే సిలిండర్‌లో ఆవిరి మసిని కడిగేస్తుంది కాబట్టి ప్లగ్గు అలా తేలుతుంది. దొరికిందనుకున్నాను. ఎందుకైనా మంచిదని దేవదానాన్ని అడిగితే, దసరాకు ఒక్క ప్లగ్గు కొత్తది వేయించానని, ఏ సిలిండర్‌దో గుర్తులేదని అన్నాడు. కొత్తది కాబట్టి తెల్లగా ఉందేమో. ప్లగ్గు సంగతి ఎడమ పక్కన, మూడో సిలిండర్ అన్నది కుడి పక్కన రాశాను.

నడపడానికి బండి లేకపోయినా దేవదానం రోజూ వచ్చి షెడ్డులో కూర్చునేవాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ చాయ్ పట్టుకొచ్చాడు. సగం తాగాక అడిగాను.

"దేవదానమన్నా, మూత కింద పసుపున్నది."

అతను కప్పు కింద పెట్టాడు. "చూసినవా."

"సోమవారమే చూసిన. ఎన్నిసార్లు ఏసినవ్?"

"క్రిస్మస్ ముంగట ఒకసారి. పోయిన నెల ఉడికినంక ఒకసారి. మొన్న నీ తానకు తెచ్చే ముంగట గిన్ని."

"అక్కకెందుకు చెప్పలే?"

"రేడియేటర్ పోయిందంటె ఇంక ఈ బండి వద్దు, అమ్మేద్దామంటది. పాత బండి పోతె పాత డ్రైవర్‌ను ఎవరు పెట్టుకుంటరు ఉస్తాద్? పసుపేస్తె నీళ్లు తగ్గుడు ఆగింది. నెలదాకా ఆగింది. మల్ల షురువైంది."

"ఇంజిన్ల పసుపేయమని నీకెవరు చెప్పిన్రు?"

అతను నా ముఖంలోకి చూశాడు. అతనికి నవ్వొచ్చింది, నాకు వింతగా తోచింది.

"నువ్వే."

"నేనా?"

"పేపర్ల పనిచేస్తున్నప్పుడు. నేను కిరాయి జీపు నడిపేటోన్ని, యాదిలేదా? శంషాబాద్ తొవ్వల రేడియేటర్ కారబట్టె. కిరాణం దుకాణంల పావుకిల పసుపు కొనుకరమ్మంటివి. నువ్వే నీ చేతుల పోస్తివి. ఇల్లు చేరినం. గప్పటిసంది అదే యాదిపెట్టుకున్న."

గుర్తొచ్చింది. ఎండ, రోడ్డు పక్కన ఆగిన జీపు, పత్రిక కట్టలు, పసుపు పొట్లాన్ని పళ్లతో చింపడం, అన్నీ గుర్తొచ్చాయి. ఇల్లు చేరగానే రేడియేటర్ మొత్తం కడిగించాలని అతనికి చెప్పానా లేదా అన్నది మాత్రం గుర్తు రాలేదు. చెప్పే ఉంటానని నాకనిపిస్తుంది. చెప్పలేదని అతనంటాడు.

చాయ్ చల్లారిపోయింది. అప్పుడే నాకు తట్టింది. ముల్లు ఎందుకు దిగలేదు? సోమవారం కొత్తగా పసుపు పడింది, ఇంజిన్ చల్లగా ఉంది. సందు ఏదైనా ఉంటే చల్లగా ఉన్నప్పుడు అది బిగుసుకుని ఉంటుంది, పైన పసుపు అతుక్కుని ఉంటుంది. ఇంజిన్ బాగా కాగితే లోహం ఉబ్బి సందు తెరుచుకోవచ్చు. నేను మర్నాడు రేడియేటర్ కడిగి మళ్లీ టెస్ట్ చేద్దామనుకున్నాను. ఇప్పుడు కడగకూడదని నిర్ణయించుకున్నాను. సిలిండర్‌లో నీళ్ల చుక్క దొరికితే, అది ఇంకెక్కడిదో అని ఆమె అనొచ్చు. పసుపు చుక్క దొరికితే అది రేడియేటర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు.

గురువారం సాయంత్రం ఇంజిన్‌ను గంటసేపు నడిపి బాగా కాగనిచ్చాను. ఆపిన వెంటనే, వేడి మీదే, పంపుతో ఒత్తిడి ఎక్కించి అలాగే వదిలేశాను. అనసూయమ్మకు ఫోన్ చేసి పొద్దున్నే రమ్మన్నాను, ఒక తెల్లబట్ట సిద్ధం చేసి పెడతానని చెప్పాను.

"నీ బట్ట వద్దు," అంది. "మీరిద్దరు దోస్తులు. నా బట్ట నేను తెచ్చుకుంట."

శుక్రవారం పొద్దున ఆమె పూల గంపల మీద కప్పే కోరాబట్టను ఉతికి, ఇస్త్రీ చేయించి మరీ తెచ్చింది. రెండు వైపులా తిప్పి మాకు చూపించింది. అప్పటికి మీటరు ముల్లు బాగా దిగి ఉంది. అది చూపించి గెలవొచ్చు కానీ, ఇంజిన్ చల్లారితే లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్లగ్గుల గుంటలను గాలి కొట్టి, తుడిచి, ఆమెను వేలు పెట్టి చూసుకోమన్నాను. ప్లగ్గులు తీశాను. బట్ట పరిచాను. దేవదానం తాళం తిప్పాడు.

మరక సంగతి మొదట్లోనే చెప్పాను.

"ఇంజిన్లకెట్ల వచ్చింది?" అని ఆమె రెండోసారి అడిగినప్పుడు టైరు మీద నుంచే దేవదానం తలెత్తాడు.

"నేనే ఏసిన అక్కా. రేడియేటర్ల. మూడుసార్లు."

"నాలుగు దినాలసంది నీళ్లు పోసిన పోసిన అంటివి. పసుపేసిన అని ఒక్కసారి అనకపోతివి."

"నీళ్లు పోసింది నిజమే గద."

"నిజమే. గిప్పుడు కనబడుతున్నది," అంది ఆమె మరక వైపు చెయ్యి చూపి. "మరి పసుపెందుకు దాసిపెట్టినవ్? నా పూలు వాడిపోయినయ్. మండపమోల్లు పోయిన్రు. క్రిస్మస్ కాడనే చెప్తె గప్పుడే చూపించుకుందుము గద!"

నేను మధ్యలో కలగజేసుకున్నాను.

"అక్కా, పసుపేసుడు ఆయనకు నేర్పింది నేనే. శానేండ్ల కింద."

ఆమె నన్ను, అతన్ని, మళ్లీ బట్టను చూసింది.

"అంటే ఇద్దరు గల్సి నా బండికి నలుగు పెట్టిన్రన్నట్టు," అంది. "లగ్గం ఎప్పుడు మరి?"

దేవదానం ముఖంలో నాలుగు రోజుల తర్వాత కాస్త రక్తం కనిపించింది. అయితే ఆమె అంతటితో వదల్లేదు. నీళ్లు లోపలికి పోతున్నాయి, సరే. ఎందుకు పోతున్నాయి?

ఆ మధ్యాహ్నం హెడ్డు ఊడదీశాను. రెండు బోల్టులు ఏడిపించాయి గానీ విరగలేదు. మూడో పిస్టన్ నెత్తి కడిగినట్టు మెరుస్తోంది, పక్కవాటి మీద నల్లటి మసి. గ్యాస్కెట్‌లో నీళ్ల దారి ఏదీ కనిపించలేదు. హెడ్డును గోనెసంచిలో చుట్టి గౌస్ భాయ్ లేత్ షాపుకు తీసుకుపోయాం. అనసూయమ్మ కూడా వచ్చింది, తన కళ్లతో చూడకపోతే నమ్మనంది. గౌస్ భాయ్ హెడ్డుకున్న నీళ్ల రంధ్రాలన్నిటినీ రబ్బరు పెట్టి బిగించి, లోపలికి గాలి గొట్టం తగిలించి, వేడినీళ్ల తొట్టిలో ముంచాడు. కాసేపు ఏమీ లేదు. లోహం కాగాక, మూడో సిలిండర్ మీద కూర్చునే గదిలో, పొగ బయటికి పోయే వాల్వుకూ ప్లగ్గు రంధ్రానికీ నడుమ నుంచి చిన్న చిన్న బుడగలు వరుసగా లేచాయి.

"దేఖో అమ్మా," అన్నాడు గౌస్ భాయ్, "మోతీల దండ లెక్క వస్తున్నయ్."

"ఈ ముత్యాలు నాకొద్దు భాయ్," అంది ఆమె, చూపు మాత్రం తిప్పుకోలేదు.

ఆరబెట్టి చూస్తే పగులు వెంట్రుకంత సన్నం, గోరంత పొడవు. ఇంత పగులు ఇంతమందిని ఇన్ని రోజులు తిప్పింది. రేడియేటర్‌ను కూడా కోయించి చూశాం. కింది గొట్టాల్లో మూడో వంతుకు పైగా బోరు నీళ్ల సున్నం, పసుపు కలిసి గట్టిపడి మూసుకుపోయి ఉన్నాయి. రేడియేటర్‌కు చిల్లు మాత్రం ఎక్కడా దొరకలేదు. పసుపు దాన్ని పూడ్చిందో, అసలు చిల్లే లేదో తెలియలేదు.

అనసూయమ్మ వీటన్నిటినీ చూసి నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే వేసింది.

"ఏది ముందట? పగిలి నీళ్లు పోతుంటె ఈయన పసుపేసిండా? పసుపేస్తె గొట్టాలు మూసుకపోయి, ఉడికి, పగిలిందా?"

రెండూ జరగొచ్చు. పద్దెనిమిదేళ్ల అల్యూమినియం హెడ్డు దానంతటదే పగలొచ్చు. అప్పుడు దేవదానం రోజూ నీళ్లు పోసి బండిని మూడు నెలలు కాపాడినవాడు. మొదట తగ్గింది ఏ పైపు దగ్గరో కారిన కాసిన్ని నీళ్లే అయి, పసుపు వేశాక వేడి పెరిగి హెడ్డు పగిలి ఉండొచ్చు. అప్పుడు బండిని పాడుచేసింది అతనే, అతనితో పాటు నేను కూడా.

"తెల్వదక్కా," అన్నాను.

"గౌస్ భాయ్, నువ్వు చెప్పు."

గౌస్ భాయ్ పగులును భూతద్దంతో చాలాసేపు చూశాడు. "పగులు మీద తారీఖ్ ఉండదమ్మా," అన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక కాగితం రాశాను. ఎడమ పక్కది మాత్రమే రాశాను. బయటికి లీకు లేదు. మూడో సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నాయి. పోసిన నీళ్లు తగ్గడానికి అది చాలు. నీళ్లు బాగా తగ్గితే వేడి సూది లేవకపోవచ్చు. రేడియేటర్‌లో మూడుసార్లు పసుపు వేసినట్టు డ్రైవర్ చెప్పాడు. ఆ చిట్కా అతనికి నేర్పింది ఈ కింద సంతకం చేసినవాడు. కడిగించాలని అప్పుడు చెప్పిందీ లేనిదీ గుర్తులేదు. పగులు ముందో పసుపు ముందో తేలలేదు.

పత్రికలో ఉన్నన్నాళ్లూ ఎన్నో కాగితాలు రాశాను, నా పేరు కారణాల్లో రాసుకోవడం అదే మొదలు. ఆమె నిలబడే చదివింది, పెదాలు కదుపుతూ.

"గిదేం కాయితం? ఈయన గెలిచిండా ఓడిండా రాయలేదు."

"అది నేను చూడలేదక్కా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. దేవదానం తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆమె చెయ్యి చాస్తే ఇచ్చేయడానికి. ఆమె చాచలేదు. "బండెప్పుడైతది?" అని నన్ను అడిగి ఆటో ఎక్కింది.

పాతదే కానీ బాగున్న హెడ్డు ఒకటి వెతికి, గౌస్ భాయ్ తొట్టిలో పరీక్ష చేయించి బిగించాను. కొత్త రేడియేటర్ వేశాను. బండి తీసుకుపోవడానికి ముగ్గురు వచ్చారు. అనసూయమ్మ, దేవదానం, ఆమె చెల్లెలి కొడుకు. "నడుపన్నా," అంది ఆమె దేవదానంతో. పిల్లవాణ్ని పక్క సీట్లో కూర్చోమంది.

అప్పటి నుంచి నా పనిలో రెండు మారాయి. బండిని కడగకుండా, నీళ్లు పోయకుండా, ఎట్లున్నదాన్ని అట్లే తెమ్మని డ్రైవర్లకు ముందే చెబుతున్నాను. పాతవాళ్లు కొందరు నొచ్చుకుంటారు, అయినా చెబుతున్నాను. దారిలో పనికొచ్చే చిట్కా ఎవరికైనా చూపిస్తే, ఇల్లు చేరాక చేయాల్సింది కూడా చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటున్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. గుడిమల్కాపూర్‌లో గంపలు ఎక్కించేముందు అనసూయమ్మ రోజూ తానే వంగి కూలెంట్ సీసాలో గీత చూస్తుంది. నీళ్లు గీత కిందికి దిగలేదు. బండిని దేవదానమే నడుపుతున్నాడు. పిల్లవాడు ఇంకా పక్క సీట్లోనే కూర్చుంటున్నాడు. అతన్ని దిగమని గానీ, దేవదానాన్ని జరగమని గానీ ఆమె ఇంతవరకు అనలేదు.

పగిలిన పాత హెడ్డు నా షెడ్డులో పై అరలో ఉంది. ఆయిల్ మార్పించడానికి బండి వచ్చినప్పుడల్లా అనసూయమ్మ దాన్ని దింపించి, వెలుతురుకు పట్టి మూడో గదిని చూస్తుంది. దేవదానం కూడా చూస్తాడు, ఆమె చూశాక. ఆ పగులు క్రిస్మస్‌కు ముందుదో తర్వాతదో ఇద్దరికీ తెలియదు. నాకూ తెలియదు.